లాకుల్లో తాళం ఎక్కడుంది?

ప్రశ్న: 'లాక్' అంటే తాళం అని మా అబ్బాయికి చెబితే, "మరి మన కాలవ మీదున్న లొల్ల లాకుల్లో తాళం ఏదమ్మా?" అన్నాడు. రెండూ ఒకే మాటేనా?
— ఒక పాఠకురాలు, ఆత్రేయపురం

జవాబు: ఒకే మాటేనండీ. మూసి బిగించేదని అర్థం. ఇంటి తలుపుకైతే తాళం, కాలవకైతే లాకు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింది కాలవలు చేలకు నీళ్లివ్వడమే కాదు, పడవలకూ దారయ్యాయి. కాలవ మట్టం ఒక్కసారిగా కిందికి పడే చోట పడవ దూకలేదు కదా! అందుకని అక్కడ తొట్టిలా కట్టి, ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెట్టారు. ఇదంతా కలిపి ఇంగ్లీషులో ఒకే 'లాక్'. మనకు మాత్రం ఒక్కటున్నా 'లాకులే'.

పడవ ఎగువకు పోవాలంటే ముందు దిగువ తలుపులు తీసి లోపలికి రానిచ్చి, మూసేస్తారు. తొట్టిలో నీళ్లు నింపడానికీ తీయడానికీ తూములుంటాయి; వాటిలో దిగువవి దించి, ఎగువవి ఎత్తుతారు. తొట్టి నిండి, నీళ్లు ఎగువ మట్టానికి సరిసమానమయ్యాకే ఎగువ తలుపులు కదులుతాయి. 10 సెంటీమీటర్ల తేడా మిగిలినా, రెండు పక్కలా నీళ్లలో ఉన్న తలుపు మీద చదరపు మీటరుకు 100 కిలోల బరువు పడుతుంది. ఇక ఎంతమంది తోసినా లాభం లేదు. దిగువ తూము సరిగ్గా పడకపోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి, తొట్టి నిండదు. దిగే పడవకు ఇంకో జాగ్రత్త: మోకు గట్టున బిగించి కట్టేస్తే, కింద నీళ్లు జారిపోయి పడవ మోకుకు వేలాడుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ వదులుతూ ఉండాలి.

మీ అబ్బాయి అడిగిన తాళం తలుపుల అమరికలోనే ఉంది. రెండు రెక్కలూ ఎగువకు ముక్కు పెట్టి కలుస్తాయి. నీరు ఎంత నెడితే అంత బిగుస్తాయి. కప్పా అక్కర్లేదు, చెవీ అక్కర్లేదు!

అన్నట్టు, "లాకులెత్తారు, చేలకు నీళ్లొస్తున్నాయి" అన్నది ఇంగ్లీషులో చెప్పాల్సొస్తే 'లాక్' అనకండి. అక్కడ ఎత్తేది తూము తలుపు, అంటే 'స్లూయిస్ గేట్'. 'లాక్' పడవలు దాటడానికి.

ప్రశ్న: 'తాళం వేశాను' అనడానికి 'ఐ పుట్ ద లాక్' అనొచ్చా?
— ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: వద్దు. 'ఐ లాక్డ్ ద డోర్' అనాలి. "తాళాలు ఇంట్లో మర్చిపోయాను" అన్నప్పుడు మనం మర్చిపోయేది చెవులు కాబట్టి అక్కడ 'కీస్'. 'లాక్స్' అంటే కప్పలే మర్చిపోయారనుకుంటారు. విడిగా వేలాడే కప్ప 'ప్యాడ్‌లాక్', తలుపులోనే బిగించి ఉన్నది ఉత్త 'లాక్'. 'లాక్ ఆఫ్ హెయిర్' అని కనిపిస్తే కంగారు పడకండి, అది జుట్టు పాయ. పలకడం ఒకటే గానీ పుట్టుక వేరు, అందుకే నిఘంటువుల్లో విడి మాటగా ఇస్తారు.