పాపని స్కూల్ నుంచి తీసుకొచ్చేయమంటున్నారు, తీసుకురావచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. తొమ్మిది నెలల కిందట గొడవై మా ఆవిడ పాపని తీసుకుని గుంటూరు పుట్టింటికి వెళ్లిపోయింది. విడాకుల కేసు ఎవరూ వేయలేదు. నేను వెళితే మామగారు గేటు దగ్గరే నిలబెట్టి పంపించేస్తున్నారు. మొన్న కిటికీలోంచి పాప చెయ్యి ఊపింది, వెంటనే కర్టెన్ వేసేశారు. ఆ కోపంతో మూడు నెలలుగా డబ్బులు పంపడం మానేశాను. వచ్చే నెలకి పాపకి అయిదేళ్లు నిండుతాయి, ఆ తర్వాత పిల్ల తండ్రికే చెందుతుంది, స్కూల్ నుంచి తీసుకొచ్చేయ్ అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ స్కూల్ ఆలోచన మానేయండి. కన్నతండ్రివి, నీ మీద కిడ్నాప్ కేసు నిలబడదు అని కూడా వాళ్లు చెప్పే ఉంటారు. అందులో కొంత నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరమైన సలహా. మీరు పాపని తెచ్చేసుకున్న మర్నాడే మీ ఆవిడ హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందుకు తీసుకురమ్మనే పిటిషన్) వేయొచ్చు, అప్పుడు జడ్జిగారి ముందు మీరు బిడ్డ కోసం తపించే తండ్రిగా కాదు, చెప్పాపెట్టకుండా ఎత్తుకొచ్చిన మనిషిగా నిలబడతారు. అదంతా ఒక ఎత్తు. తొమ్మిది నెలల తర్వాత నాన్న హఠాత్తుగా వచ్చి బండెక్కించి వేరే ఊరు తీసుకుపోతే, రాత్రి అమ్మ కావాలని ఏడ్చే పిల్లకి మీరు ఏం చెబుతారు?

ఇక ఆ అయిదేళ్ల లెక్క. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అయిదేళ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలంటుంది, అంతే. నిండగానే తండ్రికి అప్పజెప్పాలని ఎక్కడా లేదు. అదే చట్టంలో 13వ సెక్షన్ పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది, కోర్టులు పట్టుకునేది దాన్నే. పాప ఎక్కడ కుదురుకుంది, ఎవరు స్కూల్‌కి దింపుతున్నారు, జ్వరం వస్తే ఎవరు కూర్చుంటున్నారు, ఇవే చూస్తారు. పొద్దున్నుంచి రాత్రి దాకా షాపులో ఉండే మీరు పాపని పూర్తిగా నాకే ఇవ్వండి అంటే, సాయంత్రం నాలుగింటికి స్కూల్ నుంచి వచ్చే పిల్లని ఎవరు చూస్తారు అని అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్నకే తడబడతారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పాప నా దగ్గరే ఉండాలి అని మీరు ఎక్కడా రాయలేదు. చూడనివ్వడం లేదు అనే రాశారు. కాబట్టి కోర్టులోనూ అదే అడగండి.

దానికి విడాకుల కేసు అక్కర్లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విడిగా పిటిషన్ వేయొచ్చు, కేసు తేలేలోపు పాపని కలవడానికి మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. అయితే అది వేయాల్సింది విజయవాడలో కాదు, పాప ఉంటున్నది గుంటూరు కాబట్టి అక్కడి ఫ్యామిలీ కోర్టులో. గంట ప్రయాణానికి విసుక్కోకండి, ఎలాగూ పాపని చూడటానికి ఆ దారిలోనే వెళ్లాలి. అడిగేటప్పుడు చిన్నగా, ఖచ్చితంగా అడగండి: ఆదివారం పది నుంచి సాయంత్రం అయిదు దాకా, వారానికి రెండుసార్లు రాత్రి ఏడున్నరకి వీడియో కాల్, దసరా, సంక్రాంతి సెలవుల్లో కొన్ని రోజులు. మొదట్లో కోర్టు ఆవరణలోనే గంటసేపు కలవమంటారేమో, అవమానం అనుకోకుండా వెళ్లండి. ఇలాంటి ఉత్తర్వులు శాశ్వతం కాదు, పాప అలవాటు పడ్డాక సమయం పెంచమని మళ్లీ అడగొచ్చు.

కోర్టు అనగానే మామగారు ఇంకా బిగుసుకుపోతారని భయమైతే, ముందు గుంటూరులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఒక అర్జీ ఇవ్వండి. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో రాసుకుంటే దానికి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద రాసుకున్నదానికి ఆ బలం ఉండదు, మన వైపు ఇప్పటికీ దాన్నే నమ్ముతారు గానీ.

డబ్బుల విషయంలో మాత్రం తప్పు మీదే. చూపించట్లేదు కాబట్టి పంపను అనడానికి చట్టంలో చోటు లేదు, చూడటం వేరు, పోషించడం వేరు. రేపు ఆవిడ మనోవర్తి కేసు వేస్తే (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125 సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది) ఈ మూడు నెలల ఖాళీ మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనే కనపడుతుంది. ఈ రోజే పంపండి. చేతికి ఇవ్వకుండా అకౌంట్‌కే వేసి, పాప స్కూల్ ఫీజుకి, ఖర్చులకి అని మెసేజ్ పెట్టండి. ఆ కిందే, ఫలానా ఆదివారం వస్తాను, పాపని ఎక్కడ కలవమంటావు అని మర్యాదగా ఒక్క లైను. మామగారికి కాదు, మీ ఆవిడకే. జవాబు రాకపోయినా ఆ మెసేజ్ ఉంచుకోండి, పిటిషన్‌కి పనికొస్తుంది. తాగి ఫోన్ చేసినవి, తిట్టినవి ఏవైనా ఉంటే లాయర్‌కి ముందే చెప్పేయండి, అవతలివాళ్లు ఎలాగూ బయటపెడతారు.

మొదటిసారి కలిసినప్పుడు పాప పరుగెత్తుకుంటూ వస్తుందని ఊహించుకోకండి. తాతయ్య చెయ్యి పట్టుకుని వెనకే నిలబడిపోవచ్చు, ఆ వయసుకి తొమ్మిది నెలలంటే చాలా కాలం. అప్పుడు అమ్మ నేర్పించిందా అని మాత్రం అడగొద్దు. మీ ఇంట్లో తను వదిలేసి వెళ్లిన బొమ్మో, క్రేయాన్స్ డబ్బానో ఉండే ఉంటుంది, అది తీసుకెళ్లి, పక్కన కింద కూర్చుని మీరే ఏదో ఒకటి గీయడం మొదలుపెట్టండి.