టెక్ సందేహాలు: చూసిన బాణం చార్టులో ఎందుకు మాయమవుతోంది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేస్తున్నాను. నా గదిలో ఉండే స్నేహితుడు చెబితే ఫోనులో ఒక విదేశీ ఫారెక్స్ (కరెన్సీల కొనుగోలు, అమ్మకాల) యాప్ వేసుకున్నాను. యూరో-డాలర్ అయిదు నిమిషాల చార్టులో కొనమని, అమ్మమని బాణాలు వస్తాయి. పాత బాణాలన్నీ చక్కగా కుదిరినట్టు కనిపిస్తాయి. వాటిని నమ్మి నేను కొన్నప్పుడు మాత్రం నష్టమే. ఒక్కోసారి నేను చూసిన బాణమే తరువాత ఉండదు. నా పాత ఫోను నెమ్మదించడమే కారణమా? ధర ఎంత వేగంగా పెరిగిందో, తగ్గిందో చూపే ఆర్‌ఎస్‌ఐ అంకె 70 దాటగానే అమ్మేయవచ్చా?

జవాబు: ఫోను మార్చకండి, దాని తప్పేమీ లేదు. మీరు గమనించినదాన్ని రీపెయింటింగ్ అంటారు. మీ చార్టులో అయిదేసి నిమిషాల ధరల కదలికను చూపే ఒక్కో కడ్డీని క్యాండిల్ అంటారు. అది పూర్తయ్యేదాకా దాని ముగింపు ధర తేలదు. 10.02కు ఉన్న ధరతో లెక్క వేసి ఇండికేటర్ (ధరల నుంచి సంకేతాలు తీసే సూత్రం) బాణం గీస్తుంది. 10.05కు ధర వెనక్కి వస్తే లెక్క మారి ఆ బాణం చెరిగిపోతుంది. మీరేమో 10.03కే కొనేసి ఉంటారు. జిగ్‌జాగ్ లాంటి ఇండికేటర్లైతే ధర మళ్లిందని తేలాక, కొన్ని క్యాండిళ్లు వెనక్కి వెళ్లి సరిగ్గా శిఖరం మీద గుర్తు పెడతాయి. పాత చార్టుకు అంత అందం అలా వస్తుంది.

మీరు టెస్టరు కదా, దీన్నీ పరీక్షించండి. డబ్బు పెట్టకుండా డెమో ఖాతాలో ఇరవై బాణాలు చూడండి. ఒక్కొక్కటి కనిపించిన వెంటనే గడియారం కూడా పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. మర్నాడు అదే చార్టు తెరిచి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

ఆర్‌ఎస్‌ఐ లెక్కను వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించారు. 14 క్యాండిళ్లలో సగటు పెరుగుదల 6 పాయింట్లు, సగటు తగ్గుదల 2 పాయింట్లు అనుకుందాం. 6ను 2తో భాగిస్తే 3, ఒకటి కలిపితే 4. వందను 4తో భాగిస్తే 25, దాన్ని వందలోంచి తీసేస్తే 75. ఇంతే. ఇటీవల పెరుగుదల వేగంగా ఉందని ఆ 75 చెబుతోంది తప్ప, ఇక పడుతుందని చెప్పడం లేదు. ధర ఒక హద్దులో ఊగుతున్నప్పుడు 70, 30 గీతలు కొంత పనికొస్తాయి. బలంగా ఎగబాకుతున్నప్పుడు ఆర్‌ఎస్‌ఐ చాలాసేపు 70 పైనే ఉండిపోతుంది, అమ్మినవారు వరసగా దెబ్బతింటారు. ఎంఏసీడీ అనే మరో ఇండికేటర్ కూడా తోడుంటే చాలనుకోకండి. అదీ అవే ధరల నుంచి పుట్టిన లెక్కే, రెండో సాక్షి కాదు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీ యాప్. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం మన దేశంలో ఉండేవారు ఆన్‌లైన్ ఫారెక్స్ లావాదేవీలను ఆర్‌బీఐ అనుమతించిన వేదికల మీద గానీ, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలలో గానీ మాత్రమే చేయాలి. ఎక్స్ఛేంజీలలో కూడా డాలర్-రూపాయి లాంటి రూపాయి జోడీలలో దిగాలంటే నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలన్న నిబంధన ఉంది. అనుమతి లేని వేదికల హెచ్చరిక జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ యాప్ పేరు అందులో లేకపోయినా అనుమతి ఉన్నట్టు కాదు.

కాబట్టి కొత్తగా ఒక్క రూపాయి కూడా వేయకండి. ఉన్న సొమ్మును ఈ రోజే వెనక్కి అడగండి. పన్నుకనో, ధ్రువీకరణకనో ముందుగా మరికొంత కట్టమంటే కట్టవద్దు. స్క్రీన్‌షాట్లు, బ్యాంకు లావాదేవీల నంబర్లు దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి.