మూడు నెలల బడిలో చదువు వచ్చేదా? వేల్స్ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

18వ శతాబ్దం మధ్యకాలపు వేల్స్ మీద గత సంచికలో వేసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఊరూరా తిరిగిన బడుల గురించే. అందుకే వాటికే ఎక్కువ చోటిస్తున్నాం.

ప్రశ్న: ఒక ఊళ్లో మూడు నెలలే నడిచి ఇంకో ఊరికి వెళ్లిపోయే బడిలో నిజంగా చదవడం వచ్చేదా? పంతుళ్లు, పుస్తకాలు, ఖర్చు ఎక్కడివి? (ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు)

వచ్చేది. కారణం, అక్కడ నేర్పింది ఒక్కటే: అక్కడి జనం భాష అయిన వెల్ష్‌లో అచ్చయిన పుస్తకం చదవడం. రాత లేదు, లెక్కలు లేవు, ఇంగ్లీషు లేదు. 1731 ప్రాంతంలో ఈ బడులు మొదలుపెట్టిన గ్రిఫిత్ జోన్స్, కార్మార్థెన్‌షైర్‌లోని లాన్‌దౌరోర్ అనే చిన్న ఊరి పాదిరి. జనం బైబిలు, క్యాటకిజం (మత విశ్వాసాల్ని ప్రశ్న-జవాబులుగా చెప్పే పుస్తకం) సొంతంగా చదువుకోవాలన్నదే ఆయన పట్టుదల. పేదల్ని దొరల్ని చేయడం తన ఉద్దేశం కాదని స్పష్టంగానే చెప్పుకున్నాడు. ఆ మాట మనకు రుచించకపోవచ్చు. కానీ పాఠం అంత చిన్నది కాబట్టే మూడు నెలలు సరిపోయాయి.

బడి కావాలంటే ముందు ఊరివాళ్లే అడగాలి. అక్కడి పాదిరి ఒప్పుకోవాలి, చోటు చూపాలి. చర్చి అయినా సరే, ఖాళీ ఇల్లయినా, ధాన్యపు కొట్టమైనా సరే. పంతులికి లాన్‌దౌరోర్‌లోనే కొన్నాళ్లు తరిఫీదు ఇచ్చి పంపేవారు. బడి పెట్టేది ఎక్కువగా సెప్టెంబరుకీ మే నెలకీ మధ్య, కోతలు అయిపోయి పొలం పని పలచబడ్డ రోజుల్లో. పగలు పిల్లలు కూర్చునేవారు. పొద్దు వాలాక కూలి పని నుంచి వచ్చిన ఆడామగా, ముసలివాళ్లతో సహా, రాత్రి బడికి వచ్చేవారు. గడువు తీరగానే పంతులు మూట కట్టుకుని తర్వాతి ఊరికి. మళ్లీ కావాలని అడిగితే మళ్లీ వచ్చేవాడు.

పంతులి జీతం ఏడాదికి మూడు నాలుగు పౌన్లు, అప్పటి లెక్కన కూడా తక్కువే. డబ్బు దాతలది. లార్న్ ఊరి సంపన్నురాలు బ్రిడ్జెట్ బెవన్ వాళ్లలో ముఖ్యురాలు, జనం నోట్లో ‘మేడమ్ బెవన్’. పుస్తకాలు క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘం ఇచ్చేది. ఆ సంఘం 1746లో, 1752లో వెల్ష్ బైబిళ్లు ఒక్కోసారి 15,000 ప్రతులు వేసింది. రెండుసార్లూ అచ్చుపని చూసింది లండన్ నౌకాదళ కార్యాలయంలో గుమాస్తా రిచర్డ్ మోరిస్. 1751లో అక్కడి వెల్ష్‌వాళ్లు పెట్టుకున్న కమ్రోడోరియన్ సంఘానికి మూలపురుషుడూ ఆయనే.

ప్రశ్న: ఇంగ్లీషు చదవడానికి మన పిల్లలకు ఏళ్లు పడుతోంది. వెల్ష్ మూడు నెలల్లో ఎలా? (హన్మకొండ)

మనకు గుణింతాలు వచ్చేస్తే ఏ తెలుగు పుస్తకమైనా కూడబలుక్కుని చదివేస్తాం కదా, అలాగే. వెల్ష్‌లో అక్షరానికీ పలుకుబడికీ లంకె దాదాపు తప్పదు. ‘ఎఫ్’ ఒక్కటే ఉంటే ‘వ’, జంటగా ఉంటే ‘ఫ’. ‘డి’ జంటగా ఉంటే మన ‘ద’కు దగ్గర. ‘డబ్ల్యూ’ అచ్చు కూడా అవుతుంది, అప్పుడు ‘ఉ’. ‘ఏ, ఎఫ్, ఓ, ఎన్’ కలిపితే అవొన్, అంటే నది. ‘సి, డబ్ల్యూ, ఎమ్’ కలిపితే కుమ్, అంటే లోయ. ఇంగ్లీషు అలవాటున్నవాడు ఈ రెండిటి దగ్గరా తడబడతాడు, వెల్ష్ పిల్లవాడు తడబడడు. పైగా చదివిన మాట అప్పటికే నోట్లో ఉన్న మాట.

జోన్స్ బడులకు ముందు ఆ క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘమే 1699 తర్వాత వేల్స్‌లో 96 ధర్మబడులు పెట్టింది. చాలాచోట్ల ఇంగ్లీషులోనే చెప్పారు. పిల్లలు అక్షరాలూ నేర్చుకోవాలి, తెలియని భాషా నేర్చుకోవాలి. పైగా ఏడాది పొడవునా నడిచే బడికి పొలం పని వదిలి ఎవరు పంపుతారు? జోన్స్ సరిదిద్దింది ఈ రెండు తప్పులే.

ప్రశ్న: ఎంతమంది చదివారు? తర్వాత ఏమయ్యాయి?

1761లో జోన్స్ చనిపోయేనాటికి మూడు వేల పైచిలుకు బడులు నడిచాయి, లక్షా యాభై వేల పైగా పేర్లు లెక్కకెక్కాయి. రాత్రి బడి పెద్దలు ఇందులో లేరు. అప్పటి వేల్స్ జనాభా సుమారు అయిదు లక్షలు. అయితే ఒకే మనిషి రెండు చలికాలాలు వస్తే రెండుసార్లు లెక్కపడి ఉండొచ్చు. అంకెల్ని కాస్త తగ్గించి చదువుకోవడం మంచిది. లెక్కలు మనకు మిగిలింది ‘వెల్ష్ పయటీ’ అనే వార్షిక నివేదిక వల్ల. ఊరి పాదిరులు పంపిన ఉత్తరాలు అందులో వేసి దాతలకు చూపేవారు.

జోన్స్ తర్వాత మేడమ్ బెవన్ వీటిని నడిపించింది. 1779లో పోతూ బడులకు 10,000 పౌన్లు రాసింది. బంధువర్గం వీలునామా మీద గొడవపడింది, సొమ్ము చాన్సరీ అనే, వీలునామా తగాదాలు చూసే కోర్టులో ఇరుక్కుంది, 19వ శతాబ్దం మొదలయ్యేదాకా కదల్లేదు. బడులు ఆగిపోయింది అందువల్లే.

ప్రశ్న: వెల్ష్ రాని పాదిరిని వేశారని కోర్టుకెళ్లారట, గెలిచారా? (విజయనగరం)

సగం. ఆంగల్సీ ద్వీపంలో ట్రెవ్‌డ్రైత్‌కు 1766లో డాక్టర్ బౌల్స్ అనే ముసలి ఇంగ్లీషు పాదిరిని వేశారు. ఊళ్లో అయిదొందల మందిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు అయిదుగురు. చర్చి వార్డెన్లు, అంటే చర్చి వ్యవహారాలు చూసే ఊరిపెద్దలు, కేసు వేస్తే కమ్రోడోరియన్ సంఘం అండగా నిలిచింది. 1773లో లండన్ చర్చి కోర్టు, వెల్ష్ తెలియనివాణ్ని ఇలాంటి చోట వేయకూడదంది. కానీ ఒకసారి వేశాక తీసేయలేమంది. ఆ ఏడాదే బౌల్స్ చనిపోయాడు.

ప్రశ్న: కుమ్ గ్వైన్ లోయలో కొత్త సంవత్సరం జనవరి 13న ఎందుకు?

1752లో బ్రిటన్ పంచాంగం మార్చింది. సెప్టెంబరు 2 మర్నాడు 14 వచ్చింది, 11 రోజులు పోయాయి. ఆ లెక్కన పాత జనవరి 1 కొత్త 12 అవుతుంది. 1800 కొత్త పద్ధతిలో లీపు సంవత్సరం కాదు, పాత పద్ధతిలో అవును, కాబట్టి తేడా 12కు పెరిగింది, తేదీ 13 అయింది. 1900లో తేడా ఇంకో రోజు పెరిగినా వాళ్లు మార్చుకోలేదు. పిల్లలు ఇప్పటికీ 13నే ఇంటింటికీ వెళ్లి పాటలు పాడి చిల్లరో, మిఠాయో పుచ్చుకుంటారు.