చిన్నీకి, పరుగు మొదలుపెట్టే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఏదో స్మార్ట్ వాచీ కొన్నావట, పరుగు పందెంలో పేరిచ్చావట, ఇరవై ఒక్క కిలోమీటర్లట. "నా మాట ఎటూ వినదు, నువ్వైనా చెప్పు దానికి" అని వదిన ఆ పని నా నెత్తిన పెట్టింది. నాకు ముందు నవ్వొచ్చింది. ఏడో క్లాసులో స్కూలు పరుగు పందెం సగంలో ఆగిపోయి, చెప్పు తెగిందని చెప్పి, తెగని చెప్పు చేత్తో పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చినదానివి. ఆ పిల్ల ఇరవై ఒక్క కిలోమీటర్లా అని మీ పిన్నికి రెండుసార్లు చెప్పాను. పొద్దున పాలవాడికి కూడా చెప్పాను. మధ్యలో రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ఊ ఊ అంటూ ఇంకేదో చూసుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

రిపోర్టు సంగతీ చెప్పింది. హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగరు సగటు, 6.1 అట. 5.7 నుంచి 6.4 దాకా అంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడినట్టు. ఇంకా తిప్పి పంపొచ్చు. మన ఇంట్లో మీ తాత, మీ నాన్న, నేను దాన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసినవాళ్లమే. అది వచ్చిన సంగతి నాకు తెలిసేసరికి నలభై మూడేళ్లు. నువ్వు ఇరవై తొమ్మిదికే రక్తం ఇచ్చి చూసుకున్నావు. మంచి పని చేశావమ్మా.

డాక్టరుకు ఒకసారి చూపించుకుని మొదలుపెట్టు. మొదటి నెల కాసేపు నడువు, కాసేపు పరిగెత్తు. ఎండాకాలంలో ఏడింటికల్లా ఇంట్లో ఉండు. నిమ్మకాయ పిండి ఉప్పేసిన నీళ్లు దగ్గర పెట్టుకో. మిర్చి సీజన్లో యార్డు వైపు రోడ్డు మీద మాత్రం పరిగెత్తకు. ఆ ఘాటు వాచీకి తెలియదు, నీ ఊపిరితిత్తులకు తెలుస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక పాదాల సంగతి.

లారీల రిపేరు షెడ్డు మీ అన్నకు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది, వాడు నా చేతికి ఒక బ్యాండు కట్టాడు. అడుగులు లెక్కపెడుతుంది, పది వేలు దాటగానే మణికట్టు మీద జుయ్ మంటుంది. మొదటి రోజు నాలుగు వేలు కూడా కాలేదు. పంతం పట్టాను. కృష్ణలంక నుంచి ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లేవాణ్ణి. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, నా అడుగుకు ఒక వైపు పదిహేడు వందల యాభై. పోయి వస్తే మూడున్నర వేలు. చిన్నప్పుడు నిన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని అదే బ్యారేజీ దాటుతుంటే గేట్లు లెక్కపెట్టేదానివి. ఉన్నవి డెబ్బై. నీ లెక్క ఎప్పుడూ అరవై ఎనిమిది దగ్గర ఆగేది. రెండు గేట్లు ఎవరో ఎత్తుకుపోయారని నాతో దెబ్బలాడేదానివి.

ఆ బ్యాండు మేలు చేయలేదంటే అబద్ధం చెప్పినట్టే. నాలుగు నెలల్లో నడుము తేలికపడింది, పరగడుపు షుగరు దిగింది. అయితే అది వరుస రోజులు కూడా లెక్కపెడుతుంది. నూటపది, నూటయాభై, నూటఎనభై. ఒక్క రోజు తప్పితే మళ్లీ సున్నా. బ్యారేజీ దగ్గర మా నడక జట్టంతా రోజూ అంకెలు పోల్చుకునేవాళ్లం. ఒకాయన టీ బడ్డీ దగ్గర కూర్చుని, చెయ్యి ఊపుతూ వెయ్యి అడుగులు కలుపుకునేవాడు. నేను ఆ మోసం చేయలేదు. చేసి ఉంటే నా వేలు మిగిలేది.

మే నెల. కొత్త బూట్లు కొన్నాను, ముందు వైపు కాస్త బిగుతు. వాడగా వాడగా సాగుతాయిలే అనుకున్నాను. ఎడమ కాలి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. నాకు తెలియలేదు. నొప్పి లేదు కదా, మరి చూసేదెందుకు? నల్ల సాక్సులు వేసుకునేవాణ్ణి, మట్టి కనపడదని. ఒక రాత్రి పదిన్నరకు ఇంకా పదమూడు వందలు తక్కువున్నాయి. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి సాక్సులతోనే తిరుగుతున్నాను. మీ పిన్ని లైటేసి, "చింతపండు రసం ఎవరు తొక్కారు?" అంది. మొజాయిక్ గచ్చు మీద హాలు పొడుగునా చిన్న చిన్న గోధుమరంగు మరకలు, అన్నీ ఒక పక్కకే. నేను కూడా చుట్టూ చూశాను, ఎవరా అని.

కుర్చీలో కూర్చోబెట్టి సాక్సు లాగింది. రాలేదు, వేలికి అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్లు పోసి తీశాక ఆ వాసనకు ఆమె మొహం తిప్పుకోలేదు చిన్నీ, నేనే తిప్పుకున్నాను. అప్పటికి తొమ్మిదింపావు వేలు నడిచాను ఆ పుండుతో. ముందు రోజు పది వేలు. అంతకు ముందు రోజూ పది వేలే.

మర్నాడు డాక్టరు సన్నటి నైలాన్ పోగు ఒకటి తీశాడు. "కళ్లు మూసుకోండి, అరికాలికి తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు చూసి, "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను. అయిపోయిందన్నాడు.

చిటికెన వేలు తీసేశారు. ఆ రాత్రి ఆసుపత్రి మంచం మీద బ్యాండు చేతికే ఉంది. తొమ్మిదింటికి జుయ్ మంది. ఈరోజు ఇంకా తొమ్మిది వేల ఎనిమిది వందల అడుగులు మిగిలాయట. మీ పిన్ని దాన్ని విప్పి టిఫిన్ బాక్సులో పెట్టి మూత పెట్టింది. లోపల ఇంకోసారి కూడా మోగింది.

ఆటోనగర్లో ముప్పై ఏళ్లు లారీలు రిపేరు చేసినవాణ్ణి. రేడియేటర్లో నీళ్లు పూర్తిగా పోతే టెంపరేచర్ ముల్లు ఒక్కోసారి పైకి లేవదు, కిందికే దిగుతుంది, ఆ ముల్లును నమ్మి తోలితే ఇంజిన్ పట్టేస్తుంది అని ఎంతమంది డ్రైవర్లను తిట్టానో. దిగి బానెట్ ఎత్తి చూడవేంరా అనేవాణ్ణి. నేను సాక్సు దించి చూడలేదు.

డ్రెస్సింగుకు వెళ్లినప్పుడు ఆ కుర్ర డాక్టరే చెప్పాడు ఆ పది వేల కథ. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్లో ఒక కంపెనీ అడుగుల మీటరు అమ్మిందట. పేరు మాన్పోకే. పది వేల అడుగుల మీటరు అని అర్థం. నోటికి బాగుండే అంకె, అమ్ముడుపోయే అంకె. అప్పటికి దాని వెనక వైద్య పరిశోధన అంటూ ఏమీ లేదట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని, లేదా 75 నిమిషాలు పరుగులాంటిది చేయమని, రెండు రోజులు కండరాలకు పని పెట్టమని. నేను వేలు ఇచ్చుకున్న అంకె అందులో లేదు.

నీ వాచీ సంగతి మీ అన్నను అడిగి తెలుసుకున్నాను. అడుగున పచ్చ లైటు చర్మం మీద పడుతుంది, లోపల రక్తం దాన్ని ఎంత పీల్చుకుంటుందో చూసి నాడి లెక్కకడుతుంది. పట్టీ వదులుగా ఉంటే పరుగులో ఒక్కోసారి నాడిని వదిలేసి నీ అడుగుల తాళాన్ని పట్టుకుని అదే నాడి అంటుందట. కాబట్టి మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించి పెట్టుకో. 220లో నీ వయసు తీసేస్తే 191, అదే నీ గుండె హద్దని అది అంటే నమ్మేయకు. అది ఊళ్లో అందరికీ కుట్టిన చొక్కా. పరుగులో పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడగలిగితే సరైన వేగం. గుండె బరువెక్కినా, చెమటలు పట్టి దవడ లాగినా ఆగిపో, వాచీలో ఏమున్నా సరే. ఈసీజీ తీసే వాచీలు కూడా గుండె లయ తప్పితే చెబుతాయి గానీ గుండెపోటును పట్టుకోలేవు.

రాత్రి విప్పి పక్కన పెట్టు. మొన్న మీ అన్న లేచి హుషారుగా పళ్లు తోముకుంటూ నిద్ర స్కోరు చూశాడు. తక్కువొచ్చిందట. ఇక ఆ రోజంతా నీరసం.

బూట్లు సాయంత్రం కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. పందేనికి కొత్తవి తొడుక్కుని వెళ్లావో, నేనే వచ్చి విప్పిస్తాను. పరిగెత్తి వచ్చాక రోజూ అరికాలు చూసుకో, వేళ్ల మధ్య కూడా. నీకు షుగరు ముదరలేదు, నరాలు బాగానే ఉన్నాయి, బొబ్బ లేస్తే నీకే తెలుస్తుంది, ఈయన చాదస్తం అనుకుంటావు. నిజమే, మా డాక్టరూ అదే అన్నాడు. అయినా చూసుకో తల్లీ.

ఒక రోజు మానేయాలనిపిస్తే మానెయ్. ఆ వరుస తెగితే నాకు ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి తిట్టుకుందాం దాన్ని.

పందెం రోజు పిన్నీ నేనూ వస్తాం. చివర్లో గొడుగేసుకుని మజ్జిగ సీసాతో నిలబడి ఉంటాను. నాకు ఇప్పుడు బ్యారేజీ ఒక వైపు వరకే, తిరుగు ఆటోలో. నువ్వు సగంలో ఆగినా సరే. చెప్పు తెగిందని చెబితే నమ్ముతాను.

ఆదివారం పిన్ని బ్రాడీపేట వస్తోంది. ఆమె చేతికి నాలుగు జతల సాక్సులు ఇచ్చి పంపుతున్నాను. అన్నీ తెల్లవే.

మీ బాబాయి