ఆఫీసు ఏసీలో యూవీ దీపాలు పెట్టిస్తే గాలి నిజంగా శుభ్రపడుతుందా?

పెట్టించండి, మంచిదే. అయితే గాలిలో ఎగిరే క్రిములన్నీ చచ్చిపోతాయని అమ్మేవాళ్లు చెప్పే కారణం నమ్మి మాత్రం కాదు. హైదరాబాద్ ఆఫీసు భవనాల్లో సెంట్రల్ ఏసీల నిర్వహణ చూసినవాడిగా చెబుతున్నాను.

ఒక భవనంలో సోమవారం ఉదయం ఏసీ వేయగానే ఒక అంతస్తంతా తడి గోనెసంచి వాసన వచ్చేది. ఫిర్యాదు రాగానే ఎవరో రూమ్ ఫ్రెషనర్ కొట్టించారు. మన ఆఫీసుల్లో సర్వరోగ నివారిణి అదే కదా! ఆ అంతస్తుకు గాలిని చల్లబరిచి పంపే పెద్ద యంత్రం, అంటే ఏహెచ్‌యూ (ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) తలుపు తీయించి టార్చి వేసి చూశాను. గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ రేకుల మధ్య గోధుమరంగు జిగురు పేరుకుపోయి ఉంది, వేలితో తీస్తే సాగింది. కింద డ్రెయిన్ ట్రేలో నీళ్లు కదలకుండా నిలిచిపోయి పైన పొర కట్టాయి. గొట్టం నోటికి పాచి అడ్డుపడింది. ఆ అంతస్తులో జనం పీల్చేదంతా దాని మీదుగా వచ్చిన గాలే.

కాయిల్ కడిగించి, ట్రే వాలు సరిచేయించి, ఆ తరువాతే కాయిల్‌కు ఎదురుగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో వెలిగే, క్రిములను చంపే యూవీ-సీ రకం దీపాలు బిగించాం. వాసన మళ్లీ రాలేదు. కాయిల్ ఉన్నచోటనే ఉంటుంది, వెలుగు రాత్రింబవళ్లు దాని మీదే పడుతుంది కాబట్టి అక్కడ బూజు, బ్యాక్టీరియా పెరగలేవు. గాలి అలా నిలబడదు. సెకనుకు సుమారు 2.5 మీటర్ల వేగంతో దీపం ముందు నుంచి దూసుకుపోతుంది. ఎగిరే క్రిములను ఆ కాసేపట్లోనే చంపాలంటే కాయిల్ దీపాలు చాలవు, చాలా ఎక్కువ శక్తి కావాలి. 1930ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ ఫిలడెల్ఫియా ప్రాంతపు బడుల్లో తట్టును ఆపడానికి యూవీ దీపాలు పెట్టింది గాలి వెళ్లే డక్టుల్లో కాదు, తరగతి గదుల పైభాగంలో. ఈ సంగతి ఏ సేల్స్ మనిషీ చెప్పడు. కరోనా తరువాత, ఎన్ని క్రిములు చస్తాయంటే వాళ్లకు 99.9 శాతం తప్ప మరో అంకె రావడం లేదు.

అసలు నాకు ఒళ్లు మండించినది అదే ఏహెచ్‌యూ గదిలో ఇంకొకటి ఉంది. బయటి గాలి రావాల్సిన డ్యాంపర్‌ను, అంటే తెరిచి మూసే రేకుల తలుపును, పూర్తిగా మూసి, పిడిని బైండింగ్ వైరుతో కట్టేశారు! ఎండాకాలంలో వేడి గాలి లోపలికి వస్తే కరెంటు బిల్లు పెరుగుతుందట. మీటింగ్ గదిలో కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి చూస్తే 2000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 2000 భాగాలు) దాటింది. ఆరుబయట ఉండేది 420కి అటూఇటూ. మధ్యాహ్నం మూడింటికి అందరూ ఆవులిస్తుంటే నెపం క్యాంటీన్ బిర్యానీ మీదకు నెట్టారు. కార్బన్ డయాక్సైడ్‌ను యూవీ ఏమీ చేయలేదు. దుమ్మును ఆపేది ఫిల్టరు, ఊపిరి వాసనను పలచన చేసేది బయటి గాలి. దీపాలకు లక్షలు మంజూరు చేసే యాజమాన్యాలు ఈ రెండింటి దగ్గరా ఎందుకో పిసినారులైపోతాయి.

కొనేటప్పుడు దీపం 185 నానోమీటర్ల కాంతిని కూడా ఇస్తుందేమో అడగండి. ఇస్తే ఓజోన్ పుడుతుంది, అది ఊపిరితిత్తులకు చేటు. మామూలు దీపం ఆయుష్షు సుమారు 9000 గంటలు, అంటే నిరంతరం వెలిగితే ఏడాది. ఆ తరువాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది కానీ పస తగ్గిపోతుంది. అందువల్ల మార్చిన తేదీని తలుపు మీదే రాయించండి. తలుపు తీయగానే దీపం ఆరిపోయే స్విచ్ తప్పనిసరి. అది లేక కళ్లు ఎర్రబడి, ఇసుక పోసినట్టు మండుతున్నాయంటూ రాత్రంతా నిద్రపోని మెకానిక్‌ను చూశాను.

ఇవన్నీ కొటేషన్ వచ్చాక చూసుకోవచ్చు. ముందు ఏహెచ్‌యూ గది తాళం తీయించి, మీ డ్యాంపర్ తెరిచి ఉందో మూసి ఉందో చూసి రండి.