గోడౌన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టే ముందు

అబ్బయా,

నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా ధ్యాసంతా మీ మెటల్ బ్యాండ్ మొదటి రికార్డింగ్ మీదే ఉంది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మిల్లు గోడౌన్ ఇస్తామన్నారు కదా, దాన్ని వదులుకోవద్దు. గంటల లెక్కన డబ్బు కట్టి చెన్నై స్టూడియోలో కంగారు పడేకన్నా మీకు అదే మేలు. స్టాక్‌హోమ్‌లో బాథరీ అనే మెటల్ బ్యాండ్ వాళ్ళ మొదటి ఆల్బమ్ 1984లో రికార్డయింది కూడా స్టూడియోగా మార్చిన గరాజ్‌లోనే.

అసలు సంగతి డ్రమ్స్. మీ డ్రమ్మర్ నిమిషానికి 220 బీట్ల వేగంలో బ్లాస్ట్ బీట్, అంటే ఆగకుండా దడదడలాడించే వాయింపు, కొడతాడన్నావు. ఎంతసేపు కొడతాడు? పాట చివరిదాకా చెయ్యి నిలిచేది 200లో అయితే పాటను 200లోనే పెట్టండి. వేగం కాస్త తగ్గితే వినేవాడికి తెలియదు. స్నేర్ (చేతికెదురుగా ఉండే చిన్న డ్రమ్) మీద దెబ్బ పలచబడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కి కొంచెం శాంపిల్, అంటే ముందే రికార్డు చేసిన దెబ్బ, కలపండి, తప్పులేదు, ఆ వేగంలో కాలికి బలం చాలదు. కానీ ప్రతి దెబ్బనూ కంప్యూటర్లో తాళం గీత మీదికి లాగొద్దురా. అలా చేస్తే అది మీవాడి వాయింపు కాకుండా పోతుంది. 1987లో వచ్చిన నేపామ్ డెత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో ఒక్కో వైపు ఒక్కో జట్టు వాయించింది. రెండు వైపులా ఉన్నవాడు డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే. ఆ రికార్డును నిలబెట్టింది అతని చేతులే అని నా నమ్మకం.

మిల్లు ఆపాక, రాత్రిపూటే వాయించండి. మోటారు అదురు నేలలోంచి మైకులోకి ఎక్కుతుంది. పైన రేకులు కాబట్టి తాళ్ళు కట్టి పాత బొంతలు వేలాడదీయండి. మూలల్లో బియ్యం బస్తాలు నిలువెత్తున పేర్చండి. ఫ్యాన్లు ఆపాల్సిందే. ఉక్కకు గిటార్ తీగలు సాగుతాయి, టేక్ టేక్‌కీ ట్యూనింగ్ చూసుకోండి.

గిటార్ల దగ్గర మేం చేసిన తప్పు మీరు చేయొద్దు. తొంభైల్లో మద్రాసులో రెండు షిఫ్టులు తీసుకుని, స్టేజీ మీద పెట్టినట్టే గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరుకు చేసే మీట) నిండా పెట్టి వాయించాం. ఇంటికొచ్చి వింటే రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) లేదు, బుస తప్ప. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది, పెట్టి వినడానికి మనసొప్పదు. మీకు అలవాటైన గెయిన్‌లో మూడోవంతు తగ్గించు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టు. ఒకదాన్నే కాపీ చేసి రెండు వైపులా పెడితే చప్పుడు పెరుగుతుందే గానీ వెడల్పు రాదు. 24 బిట్‌లో, అంటే సన్నని చప్పుడు కూడా శుభ్రంగా పట్టే పద్ధతిలో, తీసుకుంటున్నారు కాబట్టి మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరే ఆగినా భయం లేదు.

గొంతు చివర్న, వేరే రోజు. రోజుకు రెండు పాటలు చాలు, నొప్పి తెలిసిన క్షణమే ఆపెయ్యాలి. మీరు తెలుగులోనే రాసుకున్నందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను. గ్రౌల్‌లో, అంటే గర్జించినట్టు పాడేటప్పుడు, అచ్చులు కలిసిపోతాయి, క, ట, డలు మాత్రం తెగి వినిపిస్తాయి. మాటలు ఎక్కడ వినబడాలో అక్కడ వాటి మీద ఒత్తు పెట్టమను.

మిక్సింగ్ మాట వారం దాకా ఎత్తొద్దు, చెవులు అలిసిపోయి ఉంటాయి.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తాను. ఓవర్‌హెడ్స్‌కి, అంటే డ్రమ్స్ పైన పెట్టడానికి, నా దగ్గరున్న రెండు మైకులు తెస్తా. ఈలోగా స్నేర్‌కి కొత్త హెడ్ (పైన కొట్టే పొర) వేయించి, రెండు రోజులు వాయించి ఉంచమని మీవాడికి చెప్పు.

మీ మామయ్య