చేత్తో దిగని బోల్టు

ప్రశ్న: బండి ముందు బ్రేకు కాలిపర్‌ని (డిస్కుని నొక్కి పట్టే భాగాన్ని) పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి ఎక్కడో ఊడి పడిపోయింది. హార్డ్‌వేర్ షాపులో 10 ఎం.ఎం. బోల్టు అడిగి తెచ్చాను. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. సైజు సరైనదేనని షాపాయన అంటున్నారు. స్పానర్ వేసి గట్టిగా తిప్పితే దిగుతుందా?

జవాబు: వద్దండీ. స్పానర్ పక్కన పెట్టేయండి. ఒక్క బోల్టు మీద బండి కూడా బయటికి తీయకండి.

షాపాయన అబద్ధం చెప్పలేదు. లావు 10 ఎం.ఎం.యే. తేడా ఒక మరకీ (థ్రెడ్‌కీ) ఇంకో మరకీ మధ్య దూరంలో ఉంటుంది, అదే పిచ్. షాపులో మామూలుగా దొరికే 10 ఎం.ఎం. బోల్టు పిచ్ 1.5 ఎం.ఎం. మోటార్‌సైకిళ్లలో ఆ లావు బోల్టులకి చాలాచోట్ల 1.25 ఉంటుంది. పక్కపక్కన పెట్టకపోతే కంటికి తెలియదు. ఒకటి రెండు చుట్లు వెళ్తుంది, ఆ తర్వాత మర మీద మర ఎక్కుతుంది. బోల్టు ఉక్కుది, అది దిగే రంధ్రం చాలా బళ్లలో అల్యూమినియంలో ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాగే బలవంతంగా తిప్పి ముందు చక్రాన్ని పట్టే ఒక ఫోర్కు కాలి రంధ్రంలో థ్రెడ్ మొత్తం లేపేశాను. ఆ బండి ఓనరు ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

మిగిలిన రెండో బోల్టు విప్పి, కొత్తదాని పక్కన ఆనించి వెలుతురుకి పట్టుకోండి. పళ్లు ఒకదాన్లో ఒకటి సందు లేకుండా కూర్చోవాలి. లేదా స్కేలుతో పది పిచ్‌ల దూరం కొలవండి. 12.5 ఎం.ఎం. వస్తే 1.25, 15 వస్తే 1.5.

6 ఎం.ఎం.కి 1, 8 ఎం.ఎం.కి 1.25 పిచ్‌లు షాపులోనూ బండిలోనూ ఎక్కువగా ఒకటే, అక్కడ ఇబ్బంది తక్కువ. కానీ అడిగే మాట జాగ్రత్త. మెకానిక్ ‘10 నంబర్ బోల్టు’ అంటే 10 నంబర్ స్పానర్ పట్టేదని. దాని మర లావు సాధారణంగా 6 ఎం.ఎం.యే. అందుకే నోటితో చెప్పడం కన్నా పాత బోల్టు జేబులో వేసుకెళ్లడం మేలు. పొడవు తల కింది నుంచి కొలవాలి. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో పొడవు ఎక్కువైతే బోల్టు అడుక్కి తగిలి ఆగిపోతుంది, బిగిసినట్టే ఉంటుంది గానీ వస్తువుని పట్టుకోదు.

తల మీద బలాన్ని చెప్పే అంకె 8.8 అని ఉంటే ఫుట్‌రెస్ట్, గార్డు లాంటి వాటికి సరిపోతుంది. మెరుస్తోందని స్టెయిన్‌లెస్ కొనేవాళ్లున్నారు. సాధారణంగా దొరికే ఏ2-70 రకానికి 8.8 అంత బలం ఉండదు. తడి తగిలే చోట అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా.

బ్రేకు బోల్టు విషయంలో మాత్రం నాది ఒకటే మాట: కంపెనీ స్పేర్ పార్టే కొనండి. ఇప్పుడు ఇరుక్కున్నదాన్ని వెనక్కి తిప్పి తీసి, మరల్లో తెల్లటి అల్యూమినియం తురుము ఉందేమో చూడండి. ఉంటే కొత్త బోల్టు పెట్టే ముందు ఆ రంధ్రాన్ని మంచి మెకానిక్‌కి చూపించి, సరైన పిచ్ ట్యాపుతో (రంధ్రంలో మర కోసే పనిముట్టుతో) మర సరిచేయించండి. మర పూర్తిగా పోయి ఉంటే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా కూర్చోబెట్టే తీగచుట్ట) వేయించాలి.